అమ్మకానికి పాత పల్లె ఇల్లు, ఎకరంన్నర తోటతో సహా



ఇంగ్లండు పల్లెల్లో పాత ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్లు రాసే ప్రకటనలు చదవడం నాకో సరదా. కొనే స్తోమతా లేదు, కొనాలన్న ఆశా లేదు. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో లాగే ఇక్కడా ఏ మాట వెనక ఏముందో తెలిసి చదువుకోవాలి. ఇంటికి మంచి ‘క్యారెక్టర్’ ఉందని రాశారంటే తలుపులు సరిగ్గా మూసుకోవన్నమాట. ‘మీ అభిరుచికి తగ్గట్టు తీర్చుకోవచ్చు’ అంటే కప్పు కారుతోందని. ‘ప్రశాంతమైన పరిసరాలు’ అంటే పాల సీసా కావాలన్నా కారు తియ్యాలని.

ఒక మామూలు ప్రకటన ఇలా ఉంటుంది: రెండొందల ఏళ్ల పైబడిన కాటేజీ. రెల్లు కప్పు. లోపల ఓక్ దూలాలు, మనిషి కూర్చునేంత పెద్ద పొయ్యి. చుట్టూ ఎకరంన్నర తోట, పాత ఆపిల్ చెట్లు. గ్రేడ్ 2. ఇంతే. పక్కన ఫొటోలో గోడ మీదికి పాకిన గులాబీలు, చిన్న కిటికీలు. ఈ నాలుగు ముక్కల వెనక ఉన్న కథే ఇవాళ్టి ప్రసంగం.

ఇలాంటి ఇల్లు కట్టుకున్నది జమీందార్లు కాదు. వాళ్లకు కోటల్లాంటి మేడలున్నాయి. కాటేజీ అంటే వ్యవసాయ కూలీ ఇల్లు, నేతగాడి ఇల్లు, గొర్రెల కాపరి ఇల్లు. చుట్టుపక్కల ఏది దొరికితే దానితో లేపిన గోడలవి. కాట్స్‌వోల్డ్స్ కొండల్లో తేనెరంగు సున్నపురాయి దొరుకుతుంది కాబట్టి అక్కడ రాతి ఇళ్లు. డెవన్‌లో మట్టి బాగుంటుంది కాబట్టి అక్కడ మట్టిగోడలు. మట్టిలో గడ్డి కలిపి, తొక్కి, వరస మీద వరస వేసి ఆరనిచ్చి లేపుతారు. కెంట్, ససెక్స్ వైపు ఓక్ కర్రతో చట్రం నిలబెట్టి, మధ్య ఖాళీల్లో దడి అల్లి మట్టి మెత్తుతారు. పైకప్పు ఎందుకంత తక్కువ ఎత్తులో ఉంది? చలిదేశం, పొయ్యి వేడి పైకిపోకుండా ఉండాలి. కిటికీలు ఎందుకంత చిన్నవి? గాజు ఖరీదు. కిటికీల మీద పన్ను ఉండేదని, అందుకే చిన్నవి పెట్టారని గైడ్లు చెబుతుంటారు. 1696 నుంచి 1851 దాకా ఆ పన్ను ఉన్నమాట నిజమే. కానీ ఊరి పన్నులు కట్టలేని పేద ఇళ్లకు దాన్ని మినహాయించారు. కూలీవాడి చిన్న కిటికీకి ఆ పన్ను కన్నా అతని జేబే పెద్ద కారణం.

తోట సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1589లో, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, ఒక చట్టం చేశారు. ఎవరు కొత్త కాటేజీ కట్టినా దానికి కనీసం నాలుగెకరాల భూమి ఉండాలి. భూమి లేకుండా గుడిసె వేసుకుంటే రేపు తిండికి ఊరి మీద పడతారని భయం. పేదవాడి మీద జాలితో చేసిన చట్టం కాదది, పేదవాడి ఖర్చు నెత్తిన పడుతుందన్న లెక్కతో చేసింది. అన్నిచోట్లా అమలూ కాలేదు. 1775లో దాన్ని ఎత్తేశారు. ఆ రోజుల్లోనే ఊరుమ్మడి బంజర్లకు, పచ్చిక బీళ్లకు ఒక్కొక్కదానికీ పార్లమెంటులో చట్టం చేసి కంచెలు వేశారు. ఆవును మేపుకునే చోటు పోయింది. పుల్లలేరుకునే చోటు పోయింది. కూలీవాడికి మిగిలింది ఇంటి వెనక పెరడు. ఆ కొద్ది జాగాలోనే బంగాళాదుంపలు, క్యాబేజీ, ఉల్లి, చిక్కుళ్లు. ఒక మూల పంది దొడ్డి, ఇంకో మూల తేనెపట్టు బుట్టలు. పూలమొక్కలు ఉన్నాయంటే గట్టు మీద, గుమ్మం పక్కన, కూరగాయలకు అడ్డం రానిచోట ఉన్నాయి. మందుకు పనికొచ్చేవి కొన్ని, తేనెటీగల కోసం కొన్ని.

మరి ప్రకటనలో ఎకరంన్నర ఎక్కడిదంటారా? చాలాచోట్ల వరసగా ఉన్న రెండు మూడు కూలీల ఇళ్లను తర్వాతి కాలంలో ఒకరే కొని, మధ్యగోడలు కొట్టేసి ఒకటిగా కలిపారు. పెరళ్లూ కలిశాయి. పక్క పొలం ముక్క కూడా చేరింది. ఒకే ఇంటికి రెండు వీధి తలుపులో, రెండు మెట్ల వరసలో కనిపిస్తే కారణం అదేనని అనుకోవచ్చు. ఇవాళ ఒక్క కుటుంబానికి విశాలంగా ఉన్నచోట ఒకప్పుడు మూడు పొయ్యిలు వెలిగాయి.

ఆ ఇళ్లల్లో బతుకు ఎలా ఉండేదో తెలుసుకోవడానికి మరీ వెనక్కి వెళ్లక్కర్లేదు. ‘యానిమల్ ఫామ్’ రాసిన జార్జ్ ఆర్వెల్ 1936లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని వాలింగ్‌టన్ అనే పల్లెలో ఒక పాత కాటేజీ అద్దెకు తీసుకున్నాడు. వారానికి ఏడు షిల్లింగుల ఆరు పెన్నీలు. కరెంటు లేదు. పాయిఖానా పెరట్లో. పైన రెల్లు కాదు, రేకులు. ఇంటి ముందు గదిలో చిల్లర దుకాణం నడిపాడు, కోళ్లు, మేకలు పెంచాడు. వూల్‌వర్త్స్ దుకాణంలో ఒక్కోటి ఆరు పెన్నీలకు గులాబీ మొక్కలు కొని నాటాడు. అవి పెరిగి పెద్దవై పూశాయని పదేళ్ల తర్వాత ఒక వ్యాసంలో మురిసిపోతూ రాసుకున్నాడు. ఆ ఇల్లు ఇప్పుడు రక్షిత కట్టడాల గ్రేడ్ 2 జాబితాలో ఉంది, దాని మీద రెల్లు కప్పు కూడా ఉంది. పేదరికంలో ఉన్నప్పుడు రేకులు, డబ్బు వచ్చాక రెల్లు. వింతే మరి!

పేదవాడి పెరడు గొప్పవాళ్ల కంట్లో ఎప్పుడు పడింది? దానికి ఒక పెద్దావిడ పేరు చెప్పుకోవాలి, గెర్ట్రూడ్ జెకిల్. సర్రీ ప్రాంతం ఆమెది. 1889లో ఒక కుర్ర ఆర్కిటెక్టుతో పరిచయమైంది. ఇద్దరూ ఆమె గుర్రపు బండి ఎక్కి పల్లె సందులన్నీ తిరిగి పాత ఇళ్ల చూరులు, పొగగొట్టాలు, గోడలు చూసేవారు. ఆ కుర్రాడు ఎడ్విన్ లుటియన్స్. తర్వాత మన ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ కట్టిన లుటియన్సే. ఆమెకు మన్‌స్టెడ్ వుడ్ అనే ఇల్లు 1896, 97లలో కట్టిపెట్టింది అతనే. ఆమె అప్పటికే స్థలం కొని తోట వేసేసింది. ముందు తోట, తర్వాత ఇల్లు! కూలీల పెరట్లో కూరా పువ్వూ ఎలా కలిసిమెలిసి పెరుగుతాయో గమనించి, ఆ కలగలుపుని ఆమె డబ్బున్నవాళ్ల తోటల్లోకి తెచ్చింది. అంతటితో ఊరుకోలేదు. ఆ పల్లెల వస్తువులను, పొయ్యిలను, కంచెలను ఫొటోలు తీసి 1904లో ‘ఓల్డ్ వెస్ట్ సర్రీ’ అని పుస్తకం వేసింది. అవన్నీ మాయమైపోతున్నాయని ఆమెకు అప్పుడే తెలుసు. 1932లో ఆమె పోయాక ఆస్తి ముక్కలైంది, తోటా ముక్కలైంది. 2023లో నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ మన్‌స్టెడ్ వుడ్‌ని కొన్నది.

నేషనల్ ట్రస్ట్ మాట వచ్చింది కనుక ఒక అమ్మకం గురించి చెబుతాను. 1895లో ఆ సంస్థ పుట్టింది. మరుసటి ఏడాది ససెక్స్‌లోని ఆల్ఫ్రిస్టన్ గ్రామంలో చర్చి పక్కన ఒక పాడుబడ్డ ఇంటిని కొన్నది. పద్నాలుగో శతాబ్దపు ఇల్లు, ఓక్ చట్రం, రెల్లు కప్పు. ధర పది పౌండ్లు. వాళ్లు కొన్న మొదటి కట్టడం అదే. ఇప్పుడు లోపలికి వెళితే హాలు నేల తెల్లగా, గట్టిగా ఉంటుంది. సీమసుద్దను దిమ్మిస కొట్టి, పైన పులిసిన పాలు పోసి గట్టిపరిచిన నేల అది. పేడతో అలికిన నేల మీద పెరిగిన వాళ్లెవరైనా ఆ నేలను చూసి ఒక్క నిమిషం ఆగుతారు.

అన్ని అమ్మకాలూ అలా ముగియలేదు. కార్ల కంపెనీ హెన్రీ ఫోర్డ్‌కి కాట్స్‌వోల్డ్ ఇల్లు ఒకటి కావాలనిపించింది. 1930లో చెడ్‌వర్త్ గ్రామం నుంచి పదిహేడో శతాబ్దపు రాతి ఇంటిని విప్పించి, అమెరికాలో డియర్‌బోర్న్‌కి చేర్పించి, తన గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో తిరిగి కట్టించుకున్నాడు. ఇంకోటి ఆస్ట్రేలియా వెళ్లింది. దాన్ని మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో మ్యాచ్ చూసి, అలా నడుచుకుంటూ ఫిట్జ్‌రాయ్ గార్డెన్స్‌కి వెళ్లి, చిన్న ఇటుక ఇంటి ముందు నిలబడి ఫొటో దిగి వాట్సాప్‌లో పంపిస్తారు. కుక్స్ కాటేజీ అంటారు. దాని కథ కొంచెం వివరంగా చెబుతాను.

కెప్టెన్ జేమ్స్ కుక్ తల్లిదండ్రులు యార్క్‌షైర్‌లో గ్రేట్ ఎయ్‌టన్ అనే ఊళ్లో ఉండేవారు. తండ్రి పొలాల్లో పనిచేసిన మనిషి. 1755లో ఆయన ఈ ఇల్లు కట్టుకున్నాడు. గుమ్మం పై రాతి మీద తన పేరు, భార్య గ్రేస్ పేరు పొడి అక్షరాల్లో చెక్కించి కింద ఆ సంవత్సరం వేయించాడు. సరిగ్గా ఆ ఏడాదే కొడుకు నౌకాదళంలో చేరాడు. అంటే కెప్టెన్ గారు ఆ ఇంట్లో పెరగలేదు, మహా అయితే తల్లిదండ్రుల్ని చూడటానికి వచ్చి ఉంటాడు. పేరు మాత్రం ఆయనదే.

1933లో ఇంటి యజమానురాలు దాన్ని అమ్మకానికి పెట్టింది. ఒక షరతు పెట్టింది, ఇల్లు ఇంగ్లండు దాటిపోకూడదని. ఊరివాళ్లు పాడిన పాట మూడొందల పౌండ్లకు మించలేదు. మెల్‌బోర్న్ వ్యాపారి రస్సెల్ గ్రిమ్‌వేడ్ ఎనిమిదొందలు ఇస్తానన్నాడు. మరి షరతు? నచ్చజెప్పి, షరతులో ‘ఇంగ్లండు’ అన్నచోట ‘సామ్రాజ్యం’ అని మార్పించారు. ఆస్ట్రేలియా సామ్రాజ్యంలోదే కదా! అలా గట్టు దాటింది. ఇటుక ఇటుకా విప్పి 253 పెట్టెల్లో, 40 పీపాల్లో సర్ది ‘పోర్ట్ డ్యూనెడిన్’ అనే ఓడ ఎక్కించారు. గోడకు పాకిన ఐవీ తీగ కొమ్మలు కూడా కత్తిరించి తీసుకెళ్లి అక్కడ నాటారు. 1934లో మెల్‌బోర్న్ శతాబ్ది ఉత్సవాల సందర్భంలో దాన్ని జనానికి కానుకగా ఇచ్చారు. చుట్టూ ఇంగ్లీషు పెరడు లాంటి తోట వేశారు. ఆ దేశపు ఆదివాసుల నేల మీద ఆ ఇల్లు ఎందుకని నిలదీసేవాళ్లు ఉన్నారు. గోడలకు రంగు పూసిన సంఘటనలూ జరిగాయి. ఇక గ్రేట్ ఎయ్‌టన్‌లో ఇల్లున్న చోట ఏముందంటారా? ఒక రాతి స్తంభం. ఆస్ట్రేలియా తీరం నుంచి తెచ్చిన గ్రానైటుతో కట్టింది. ఇల్లు తీసుకుని రాళ్లు ఇచ్చారు.

నాకైతే ఆ బేరం నచ్చలేదు. ఇంటిని విప్పి పెట్టెలో పెట్టొచ్చు, పెరటి మట్టిని, ఆ వాన తీరును పెట్టలేరు. ఆ ఇంటి గోడ అంత మందం ఎందుకుందో యార్క్‌షైర్ చలిలో నిలబడితే అర్థమవుతుంది, మెల్‌బోర్న్ ఎండలో అర్థం కాదు.

ఇప్పుడు అలా తరలించుకుపోవడం అంత తేలిక కాదు. 1947 చట్టంతో పాత కట్టడాల జాబితా పద్ధతి గట్టిపడింది. ప్రకటనలో కనిపించే గ్రేడ్ 2 అంటే అదే. జాబితాలో ఉన్నవాటిలో నూటికి తొంభై పైగా ఆ తరగతివే. జాబితాలోకి ఎక్కిన ఇంటికి ముందు గోడ ఒక్కటే కాదు, లోపలి దూలాలు, మెట్లు, పొయ్యి అన్నీ రక్షణలో ఉన్నట్టే. 1948 జూలై 1కి ముందు నుంచి ఆవరణలో ఉన్న దొడ్డిగోడ, కట్టెల కొట్టం కూడా సాధారణంగా అందులోకే వస్తాయి. అనుమతి లేకుండా మార్పులు చేస్తే అది నేరం, జరిమానాతో పోయే వ్యవహారం కాకపోవచ్చు కూడా. అసలు తిరకాసు ఇంకోటి ఉంది. పాత యజమాని అనుమతి లేకుండా పెట్టిన ప్లాస్టిక్ కిటికీని తీసేయమని కొత్త యజమానికి నోటీసు రావచ్చు. తప్పు అతనిది, ఖర్చు మీది.

అటకలో గబ్బిలాలు ఉంటే వాటిని కదిలించకూడదు, 1981 చట్టం ఒప్పుకోదు. తోట మధ్యలోంచి ఊరివాళ్ల నడకదారి పోతుంటే దానికి అడ్డంగా గేటు వేసి తాళం పెట్టకూడదు. ఆదివారం పూట మీరు టీ తాగుతుంటే ఎవరో కుక్కను పట్టుకుని మీ గులాబీల పక్కనుంచే నడిచి వెళతారు, నవ్వుతూ నమస్కారం పెట్టాలి. వార్విక్‌షైర్‌లో ఆస్టన్ కాంట్లో అనే ఊళ్లో జరిగింది వింటే ఆశ్చర్యం వేస్తుంది. అక్కడ ఒక పొలం యజమానులకు చర్చి నుంచి మరమ్మతు బిల్లు వచ్చింది. శతాబ్దాల కిందటి ఏర్పాటు ప్రకారం ఆ భూమి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే చర్చిలో కొంత భాగం బాగుచేయించాలట. కేసు 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. చర్చే గెలిచింది. చివరికి ఆ పొలాన్ని అమ్ముకోవలసి వచ్చింది. ఆ తర్వాత నిబంధనలు మార్చారు, 2013 అక్టోబరు తర్వాత కొనేవాళ్ల మీద ఆ భారం పడాలంటే అది ముందే రికార్డుకెక్కి ఉండాలి. అయినా లాయర్లు ఇప్పటికీ దాని గురించి వెతికించి చూస్తూనే ఉన్నారు.

కొనుగోలు పద్ధతి మనవాళ్లకు మరీ చిత్రంగా అనిపిస్తుంది. మన దగ్గర మాట కుదరగానే బయానా ఇస్తాం, అగ్రిమెంటు రాసుకుంటాం, ఈసీ తీయించి రిజిస్ట్రేషన్‌కి వెళతాం. ఇంగ్లండులో మీ ధరకు అమ్మేవాడు సరేనన్నా దానికి కట్టుబడాలని లేదు. కాంట్రాక్టులు మార్చుకునే రోజు దాకా ఎవరైనా ఎక్కువ ఇస్తానంటే అటు తిరిగిపోవచ్చు. ఆ రోజున మామూలుగా పదో వంతు కడతారు, అప్పటి నుంచి ఇద్దరూ బందీలే. ఈలోపు సర్వేయరుకూ లాయరుకూ పెట్టిన డబ్బు మీ ఖాతాలో ఖర్చే.

ఆ సర్వే దగ్గర మాత్రం కక్కుర్తి పడకూడదు. పాత ఇళ్లకు అసలు జబ్బు వయసు వల్ల వచ్చింది కాదు, మరమ్మతుల వల్ల వచ్చింది. ఆ గోడలు సున్నంతో కట్టినవి. మన పాత ఇళ్లల్లో గానుగ సున్నం ఎలాగో అక్కడా అంతే. సున్నం గోడ వానకు కాస్త తడుస్తుంది, గాలికి ఆరిపోతుంది. ఇరవయ్యో శతాబ్దంలో మంచి చేస్తున్నామనుకుని వాటి మీద సిమెంటు పూశారు. సిమెంటుకు సన్నటి పగుళ్లు వస్తాయి, నీళ్లు లోపలికి దిగుతాయి, బయటికి రావడానికి దారి ఉండదు. లోపల ఓక్ కర్ర నానిపోతుంది, మట్టిగోడ మెత్తబడుతుంది. గోడ కింది భాగంలో చెయ్యి పెట్టి చూస్తే చల్లగా, జిగురుగా తగులుతుంది. పైన కొత్త రంగు నిగనిగలాడుతూ ఉంటుంది. మట్టింటికి మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే చాలని డెవన్‌లో ఒక సామెత. అంటే కప్పు కారకూడదు, పునాది తడవకూడదు. రెల్లు కప్పు కొన్ని దశాబ్దాలు నిలుస్తుంది గానీ నడికప్పు మీది కూర్పును పది పదిహేనేళ్లకోసారి మళ్లీ వేయించాలి. ఆ పని తెలిసినవాళ్లు తక్కువ, వాళ్ల కోసం నెలల తరబడి కాచుకోవాలి.

ఈ ఇళ్లను ఇప్పుడు ఎక్కువగా ఎవరు కొంటున్నారన్నది అక్కడ పెద్ద తగాదా. నగరంలో ఉద్యోగం చేసేవాళ్లు సెలవుల కోసం కొంటే, ఊళ్లో పుట్టిన పిల్లలకు ఊళ్లో ఇల్లు దొరకదు. చలికాలంలో సగం కిటికీల్లో దీపం వెలగదు. కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ జనం 2016లో ఓటు వేసి, కొత్తగా కట్టే ఇళ్లను సెలవుల ఇళ్లుగా వాడకూడదని తీర్మానించుకున్నారు. పాత ఇళ్లకు ఆ నిబంధన తగలదు, కాబట్టి డబ్బున్నవాళ్లు పాతవాటి మీద పడ్డారు. కూలీవాడి ఇల్లు కూలీవాడి మనవడికి అందనంత ఎత్తుకి పోయింది.

బ్రిటన్‌లో స్థిరపడిన మన డాక్టర్లు, ఇంజనీర్లు కొందరికి ఇలాంటి ఇంటి మీద మనసు పడుతుంటుంది. తప్పులేదు. నన్నడిగితే, అక్కడే కాపురం పెట్టేట్టయితేనే కొనండి. శని ఆదివారాలకు అయితే వద్దు, ఆ తోట మిమ్మల్ని వారం మధ్యలోనూ పిలుస్తుంది. సోమర్సెట్‌లో మార్జరీ ఫిష్ అనే ఆవిడ 1937లో భర్తతో కలిసి ఈస్ట్ లాంబ్రూక్‌లో పాత ఇల్లు కొని, అంతకుముందు మొక్కల పని పెద్దగా తెలియకపోయినా, జీవితాంతం దానికే అంకితమైంది. 1969లో ఆమె పోయాక ఆ ఇల్లు కొన్న ప్రతివారికీ తోట బరువు కూడా వచ్చిపడింది, మోశారు కూడా.

కొనేముందు పాత కట్టడాలు చూసిన అనుభవమున్న సర్వేయరును పెట్టుకోండి, కొత్త ఇళ్లు చూసేవాళ్లు పనికిరారు. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కాగితం మీద రాయించుకోండి, వాగులోకి నేరుగా వదిలితే చట్టం ఒప్పుకోదు. జపనీస్ నాట్‌వీడ్ ఉందా అని అడగండి, అందంగా ఉంటుందని పందొమ్మిదో శతాబ్దంలో తెచ్చి నాటుకున్న ఆ మొక్క ఇవాళ బ్యాంకు అప్పుకే అడ్డం పడుతోంది. వాన రోజున ఒకసారి, ఎండ రోజున ఒకసారి వెళ్లి గోడలు తడిమి చూడండి. ఇల్లు చేతికొచ్చాక మొదటి ఏడాది తోటలో పార పెట్టకండి. జనవరి, ఫిబ్రవరిలో స్నోడ్రాప్స్, తర్వాత డాఫొడిల్స్, వేసవికి గులాబీలు, సెప్టెంబరుకి ఆపిల్స్, పాతవాళ్లు నాటినవి ఏ నెలకు ఏవి పైకి వస్తాయో చూసుకుని, ఆ తర్వాతే తవ్వడం మొదలుపెట్టండి.